ఆపు సైగ

గేటు దగ్గర రాతి పలక మీద అంతా రాసి పెట్టారు. ఫ్యాక్టరీ ఏ సంవత్సరంలో కట్టారో, ఎన్ని రైలు పెట్టెలకు ఇరుసులు చేసి పంపారో, మూతపడ్డాక దాన్ని పార్కుగా మార్చడానికి ఎవరెవరు పూనుకున్నారో, ఎన్ని మొక్కలు నాటారో, అన్నీ. మొక్కలెన్నో చెప్పారు గానీ మనుషులెందరో చెప్పలేదు చూడండి, అదీ వరస. పిచ్చుక మొదటి రోజు ఆ పలకను ఆసాంతం చదివి, వెనక వైపు ఇంకేమైనా రాశారేమోనని చుట్టూ తిరిగి కూడా చూశాడు. వెనక ఏమీ లేదు.

పిచ్చుక అంటే పిట్ట కాదు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. ముప్పై ఒక్క సంవత్సరాలు అక్కడే క్రేన్ నడిపాడు. రోడ్ల మీద తిరిగే క్రేన్ కాదు. షెడ్డు కప్పు కింద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పట్టాల మీద నడిచేది. దానికి వేలాడే ఇనుప గూటిలో, నలభై అడుగుల ఎత్తున, పొద్దున ఎక్కితే మధ్యాహ్నం దిగేవాడు. మళ్ళీ ఎక్కితే సాయంత్రమే. బక్కపలచటి మనిషి, పైగా గూట్లో కాపురం. ఆ పేరు పెట్టడానికి షెడ్డువాళ్ళు బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేకపోయింది. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనబడేది కాదు.

ఇప్పుడు షెడ్డుకు గోడల్లేవు. కప్పు మోసే ఇనుప దూలాలూ స్తంభాలూ మాత్రం ఉంచారు. ఇనుము సాగగొట్టే పెద్ద యంత్రపు సుత్తులు నిలబడిన గోతుల్లో నీళ్ళు నింపి కలువలు వేశారు. క్రేన్‌ను పైనే వదిలేసి, దాని జన్మలో ఎరగని నిమ్మపండు పసుపు పూశారు. గ్రీజూ మసీ తప్ప వేరే రంగు తెలియని దానికి ఈ వయసులో ఈ అలంకారమేమిటో! పిచ్చుక మాత్రం రోజూ మూడున్నరకల్లా వచ్చి దాని కిందుగా ఉన్న బెంచీ మీద కూర్చుంటాడు. సైకిళ్ళ షాపు మీద ఉన్న గదిలో నుంచి ఇక్కడికి బస్సులో నలభై నిమిషాలు. గదిలో ఉంటే మాట్లాడే దిక్కు లేదు, ఇక్కడా లేదు, కాకపోతే ఇక్కడ నలుగురు అటూ ఇటూ నడుస్తుంటారు. భార్య పోయి నాలుగేళ్ళు. పిల్లల్లేరు. కొన్ని రోజులైతే బస్సు కండక్టరుతో అన్న ఒక్క ముక్కే ఆ రోజు మొత్తానికీ మాట. ఒంటరితనం ఒంటికి అలవాటవుతుందంటారు గానీ అతనికి కాలేదు.

చెవులు కూడా అంతంతమాత్రమే. ఆ సుత్తుల కింద పనిచేసిన వాళ్ళలో చాలామందికి చెవులు మిగల్లేదు. ఎర్రగా కాలిన ఇనుప దిమ్మ మీద మూడు టన్నుల సుత్తి పడుతుంటే పక్క మనిషి చెవిలో అరిచినా వినబడేది కాదు. అందుకే ఆ షెడ్డులో అందరూ చేతులతో మాట్లాడుకునేవారు. ఎత్తు, దించు, నెమ్మది, అవతలికి జరుపు: ఇవి పని సైగలు, పుస్తకంలో ఉన్నవి. పుస్తకంలో లేనివి వందా నూటయాభై షెడ్డువాళ్ళే పుట్టించారు. మీసం దువ్వినట్టు చేస్తే మేనేజరు వస్తున్నాడని. చెంప మీద అరచెయ్యి పెడితే ఇంట్లో గొడవైందని. రెండు వేళ్ళు ముక్కులా కలిపి టకటకలాడిస్తే పిచ్చుక అని.

కింద నిలబడి, కొక్కేనికి బరువు తగిలించి, పైకి సైగ చేసే మనిషి ఒకడుండేవాడు. పిచ్చుక అతన్ని బావా అనేవాడు, అతనూ ఇతన్ని బావా అనేవాడు. చుట్టరికమేమీ లేదు. చేరిన కొత్తలో టీ కొట్టు దగ్గర ఎవరో ఇద్దరి ముక్కులూ ఒకలా ఉన్నాయంటే, అయితే మనం బావా బావమరుదులమే పో అనుకున్నారు, అది అలాగే అతుక్కుపోయింది. ఇళ్ళకు రాకపోకలు పెద్దగా లేవు, ఊరికి ఈ చివర ఒకరూ ఆ చివర ఒకరూ. కానీ రోజుకు తొమ్మిది గంటలు, ఇరవై రెండేళ్ళు, ఒకరి చేతులు ఒకరు చూసుకుంటూ బతికారు.

“అక్కడ చేతులు నొప్పెట్టేలా వాగుతావట, ఇంటికొస్తే నోరు కూడా తెరవవేంటి?” అని పిచ్చుక భార్య సాధించేది. ఆవిడ బాధా నిజమే. అతనికి మాటలన్నీ షెడ్డులోనే అయిపోయేవి.

ఫ్యాక్టరీ సరస్సు ఒడ్డునే ఉన్నా పనివాళ్ళెవరికీ సరస్సు కనబడేది కాదు. మధ్యలో రెండు నిలువుల గోడ. పైన గూట్లో ఉన్న పిచ్చుకకు మాత్రం పగిలిన అద్దంలోంచి నీళ్ళు కనబడేవి. బావ రోజూ పొద్దున్నే కింద నుంచి అలలా చెయ్యి ఊపి అడిగేవాడు, ఇవాళ ఎలా ఉందని. పిచ్చుక పైనుంచి చెప్పేవాడు: గాలిగా ఉంది, ఏడు పడవలున్నాయి, పొగమంచు, ఏమీ కనబడడం లేదు. కొన్నిసార్లు పడవలు లేకపోయినా ఉన్నాయనేవాడు. బావ మొహం విప్పారడం చూడాలని ఆ చిన్న అబద్ధం.

క్రేన్ పనిలో ఒక చట్టముంది. డ్రైవరు ఒక్క మనిషి సైగలే చూడాలి, ఎవరైతే కొక్కెం తగిలించాడో వాడివి. మేనేజరే వచ్చి చేతులూపినా పట్టించుకోకూడదు. ఒక్క ఆపు సైగకు మాత్రం ఆ నియమం లేదు. రెండు చేతులూ బారచాపి ఎవరు నిలబడ్డా, నేల ఊడ్చే మనిషైనా, దారిన పోయే దానయ్యైనా, ఆగిపోవాల్సిందే. ముందు ఆగాలి, ఎందుకని తర్వాత అడగాలి. ముప్పై ఒక్క ఏళ్ళలో పిచ్చుక దాన్ని ఒక్కసారి మీరాడు. ఆ ఒక్కసారే అతన్ని ఇలా చేసి పెట్టింది.

ఫ్యాక్టరీ మూసేశాక యంత్రాలు అమ్మేశారు. విప్పి లారీలకు ఎక్కించడానికి ఒక కాంట్రాక్టరు వచ్చాడు. క్రేన్ నడపడానికి పిచ్చుకను రమ్మన్నారు, కొక్కెం దగ్గరికి బావను రమ్మన్నారు. బావ ససేమిరా అన్నాడు.

“మన ఇల్లు మనమే పీక్కుంటామా బావా?” అని గేటు దగ్గర అడిగాడు.

“ఇల్లేంటి, నువ్వు కట్టించావా ఏంటి?” అన్నాడు పిచ్చుక. నోరు జారాడు. అతని బాధల్లా తన క్రేన్ మీద ఇంకొకడు చెయ్యి వేయకూడదని, అంతే. అది చెప్పుకోవడం చేతకాక ఇలా అన్నాడు. ఇరవై రోజులు ఇద్దరికీ మాటల్లేవు. కాంట్రాక్టరు తెచ్చిన కొత్త మనిషి కింద సైగలు చేశాడు, పిచ్చుక పైన పని చేశాడు.

ఆఖరి రోజు సాయంత్రం నాలుగింటికి పెద్ద సుత్తి కింద దెబ్బలు కాసే ఇనుప దాగలి దిమ్మను ఎత్తుతున్నారు. అప్పుడు పడమటి గేటులోంచి బావ లోపలికి వచ్చి, రెండు చేతులూ బారచాపి నిలబడ్డాడు. ఆపు.

పిచ్చుక చూశాడు. ఎండ కాస్త కళ్ళలోనే ఉంది గానీ ఆ చేతులను అతను చీకట్లో కూడా పోల్చుకోగలడు. చూశాడు, అడ్డం పడ్డానికి వచ్చాడనుకున్నాడు, ఇరవై రోజుల ఉడుకుమోత్తనం ఒక్కసారి పైకి తన్నింది. నువ్వెవరు నన్ను ఆపడానికి అనుకుని ఎత్తాడు. దిమ్మ ఆరడుగులు లేచి పక్కకు ఒరిగి జారింది. కొత్త మనిషి పాదం నుజ్జయింది. ప్రాణం దక్కింది గానీ ఆ మనిషి కుంటుతూనే మిగిలాడు.

విచారణలో అడిగారు, ఎవరైనా ఆపమన్నారా అని. “ఎండ కళ్ళలో పడింది. నాకేమీ కనబడలేదు,” అన్నాడు పిచ్చుక. అందరూ నమ్మారు. కాగితాల మీద అది ప్రమాదమైంది.

బావ నమ్మి ఉండడని పిచ్చుకకు గట్టి నమ్మకం. కళ్ళూ కళ్ళూ కలిశాయి కదా. ఆ వారంలోనే బావ రెండుసార్లు ఇంటికి వచ్చాడు. నిలదీయడానికే వచ్చాడనుకుని రెండుసార్లూ పిచ్చుక లోపలి గదిలో తలుపు వెనక నిలబడి, లేనని భార్యతో చెప్పించాడు. మూడోసారి రాకముందే ఇల్లు మారిపోయాడు. “ఒక్కసారి వెళ్ళి ఉన్న మాట చెప్పేసి రాకూడదూ,” అని భార్య పోయే దాకా అంటూనే ఉంది. ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు? తొమ్మిదేళ్ళు ఆ ముక్క గొంతులో అడ్డం పడి ఉంది. చూశాను బావా, చూసే ఎత్తాను. ఇంతే, నాలుగు మాటలు. ఇవి బావకు చెప్పకుండా పోతానేమోనన్నదే ఇప్పుడతని భయమంతా.

అలాంటి బావ ఒకనాడు పార్కులో కనబడ్డాడు.

ఫ్యాక్టరీకి నీళ్ళు తోడిన కాలవ ఒకటి షెడ్డు పక్క నుంచి సరస్సులోకి పోతుంది. దానికి ఆవలి ఒడ్డున, సరిగ్గా పిచ్చుకకు ఎదురుగా ఉన్న బెంచీ మీద, ఒక ఆడమనిషి అతన్ని చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టింది. కూర్చోబెట్టి ఆవిడ సరస్సు చుట్టూ నడకకు వెళ్ళిపోయింది. జుట్టంతా నెరిసినా భుజాలు అవే. పిచ్చుక పారిపోదామని లేచి, మళ్ళీ కూర్చున్నాడు. కాసేపటికి చెయ్యి పైకెత్తాడు. బావ ఇటే చూస్తున్నాడు. చెయ్యి మాత్రం ఎత్తలేదు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. పదకొండు రోజులు పిచ్చుక కాలవ ఇవతల నుంచి తనకొచ్చిన సైగలన్నీ చేశాడు. ఎలా ఉన్నావని అడిగాడు. తప్పు నాదేనని ఛాతీ మీద కొట్టుకున్నాడు. వచ్చేపోయేవాళ్ళు పాపం పెద్దాయనకు మతి చలించిందనుకుని పక్కకు తప్పుకున్నారు. బావ రాయిలా కూర్చుని చూస్తూనే ఉన్నాడు. ఇంత కసి పెట్టుకున్నాడా మనిషి అని పిచ్చుకకు ఏడుపొచ్చింది. బస్సులో కిటికీ వైపు తిరిగి కాస్త ఏడ్చాడు కూడా.

పన్నెండో రోజు మొక్కలకు నీళ్ళు పెట్టే తోటమాలి ఊరుకోలేక దగ్గరికి వచ్చి చెవిలో గట్టిగా అన్నాడు. “ఎవరికండీ ఆ చేతులూపడం? ఆయనకి కళ్ళు కనబడవు. షుగరొచ్చి రెండూ పోయాయంట.”

నీళ్ళు ఎలా ఉన్నాయని ఇరవై రెండేళ్ళు అడిగిన మనిషి. గోడ కూల్చి సరస్సును ఊరందరికీ చూపిస్తున్న రోజున ఆ మనిషికి కళ్ళు లేవు. లోకంలో న్యాయమంటూ ఉంటే ఈ పూట మాత్రం సెలవు పెట్టింది. పిచ్చుక లేచి, చిన్న వంతెన దాటి వెళ్ళి, ఆ బెంచీకి ఈ చివర కూర్చున్నాడు.

బెంచీ కదలడం తెలిసి బావ ఇటు తిరిగాడు. పెదవులు కదిలాయి. ఏమన్నాడో పిచ్చుకకు వినబడలేదు. “ఊఁ” అన్నాడు. ఆ ఊఁ బావకు వినబడింది.

పక్కన మనిషి దొరికాడు, అదే చాలు బావకు. మాట్లాడసాగాడు. మాట్లాడుతుంటే చేతులు వాటంతటవి లేచాయి. ఇరవై రెండేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది! కళ్ళు పోయినా, అవతల ఎవరున్నారో తెలియకపోయినా, నోటితో పాటు చేతులూ చెప్పుకుపోతున్నాయి. వినబడని మాటలు పిచ్చుకకు కనబడుతున్నాయి.

వేలు పైకి చూపించాడు: ఆ పైన క్రేన్. రెండు వేళ్ళూ ముక్కులా కలిపి టకటకలాడించాడు: పిచ్చుక, నా డ్రైవరు. తొమ్మిదేళ్ళుగా తన పేరు పిలిచిన వాళ్ళు లేరు.

చేతులు ఆ ఆఖరి రోజు దగ్గరికి వచ్చాయి. పెద్ద దిమ్మ. కొక్కెం. ఇనుప తాడు. ఎడమ చూపుడువేలిని కొక్కెంలా వంచి, కుడి వేలు దాని కొన మీద పెట్టి చూపించాడు: తాడు కొక్కెంలో కూర్చోలేదు, కొన మీద నిలబడి ఉంది. పైనున్న వాడికి కనబడదు. గేటులోంచి నాకు కనబడింది. తర్వాత రెండు చేతులూ బారచాపాడు.

అడ్డం పడ్డానికి కాదు. బరువు జారబోతోందని. పిచ్చుక ఆ చాచిన చేతులను ఈసారి మూరెడు దూరం నుంచి చూశాడు.

బావ చేతులు ఆగలేదు. నుదుటి మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు: ఎండ. వాడు చూడలేదు. మళ్ళీ చేశాడు: చూడలేదు. వాడింటికి రెండుసార్లు వెళ్ళాను, నీ తప్పు లేదురా అని చెప్దామని. వాడు లేడు. ఎక్కడికి పోయాడో. చెయ్యి అలలా ఒకసారి ఊగింది. చూసుంటే ఆపేవాడు. గుండె మీద అరచెయ్యి పెట్టుకుని మరోసారి చెప్పాడు: ఆపేవాడు.

పిచ్చుకకు తల కొట్టేసినట్టయింది. కోపం ఉందనుకుని తొమ్మిదేళ్ళు దాక్కున్నాడు. ఆ కోపం ఎక్కడా లేదు. ఆ మనిషి తన అబద్ధాన్ని పొల్లు పోకుండా నమ్మి, భద్రంగా కడుపులో పెట్టుకున్నాడు. ఇప్పుడు నోరు మూసుకుని బావా నేనొచ్చాననొచ్చు. మళ్ళీ రోజూ పక్కపక్కన కూర్చోవచ్చు. నీళ్ళెలా ఉన్నాయో చెప్పొచ్చు. ఇతనికి కళ్ళున్నాయి, అతనికి చెవులున్నాయి, మాటలకు లోటుండదు. ఎంత ఆశ కలిగిందో చెప్పలేం. కానీ ఆ అబద్ధం మీద కూర్చుని ఇంకెన్నేళ్ళు కబుర్లు చెబుతాడు?

“నేనే బావా,” అన్నాడు. చెవుల్లేని వాళ్ళ గొంతు వాళ్ళ చేతిలో ఉండదు. అది అరుపైందో గొణుగుడైందో అతనికి తెలియదు. “నేనే, నీ పిచ్చుకని. ఎండ లేదు, ఏం లేదు. నువ్వు చేతులు చాచడం చూశాను. చూసే ఎత్తాను.”

బావ చేతులు గాలిలో సగంలో ఆగాయి. తర్వాత మెల్లగా దిగి మోకాళ్ళ మీద ఆనుకున్నాయి. మొహం సరస్సు వైపు తిరిగింది. పిచ్చుక ఆ చేతులనే చూస్తూ కూర్చున్నాడు. తిట్టు సైగ షెడ్డులో పదిహేను రకాలుండేవి, వాటిలో ఏదైనా సరే అనుకున్నాడు. అవి కదల్లేదు.

నడక ముగించుకుని ఆవిడ వచ్చింది. బావ కోడలు, ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ ఇంటికి వచ్చిన పిల్ల, పిచ్చుకను ఎన్నడూ చూసి ఎరగదు. మామగారి చెయ్యి పట్టుకుని లేపింది. బావ ఆమెతో ఏదో అన్నాడు. పెదవులు చాలాసేపు కదిలాయి. చేతులు మాత్రం ఒంటికి అంటిపెట్టుకునే ఉన్నాయి, ఒక్క వేలు కూడా లేవలేదు. పిచ్చుకకు ఒక్క ముక్క తెలియలేదు.

వంతెన దాకా వెళ్ళాక ఆమె మామగారిని కటకటాల దగ్గర నిలబెట్టి, తను ఒక్కతే వెనక్కి వచ్చింది. ఇబ్బందిపడుతూ వంగి, చెవి దగ్గర గట్టిగా చెప్పింది.

“ఏమనుకోకండి బాబాయ్. మామయ్య ఒక మాట చెప్పి రమ్మన్నారు. మీరెవరో గానీ ఆయన డ్రైవరు మీరు కాదట. ఆ డ్రైవరైతే చూసుంటే ఆపేవారట. ఆయన గురించి ఇంకెప్పుడూ, ఎవరి దగ్గరా అలా అనొద్దని చెప్పమన్నారు.”

పిచ్చుక వంతెన వైపు చూశాడు. బావ కటకటాలు పట్టుకుని, చెవి ఇటు పెట్టి, జవాబు కోసం నిలబడి ఉన్నాడు. ఆ నిలబడడంలోనే తెలిసిపోయింది. గొంతు పోల్చుకున్నాడు. పోల్చుకునే చెప్పి పంపాడు. ఇన్నేళ్ళూ బావకు తోడున్నది ఆ చూడని పిచ్చుకే. ఈ కళ్ళు లేని రోజుల్లో ఉన్నది కూడా వాడే. వాణ్ణి తీసేసుకుంటే బావకు ఇంకేం మిగులుతుంది?

“అవునమ్మా,” అన్నాడు. వంతెన దాకా వినబడేలా, తనకు చేతనైనంత గట్టిగా అన్నాడు. “పొరబడ్డాను. నేను ఆ డ్రైవర్ని కాదని చెప్పు. ఆయన నాకు తెలుసు, చూసుంటే ఆపేవాడే.”

ఆమె తలూపి, వెళ్ళి మామగారి చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ గేటు వైపు నడిచారు.